ఆదివారం గొంతు

బేతంచెర్ల బస్టాండులో కృపమణి నోరు తెరవక ముందే జనం తలలు తిప్పేవాళ్ళు. మాట మొదలుపెట్టే ముందు ఆమె ఉంగరపు వేలితో మైకు నెత్తిన రెండుసార్లు తట్టేది. స్తంభాలకు కట్టిన హారన్ స్పీకర్లలోంచి టక్ టక్‌మని వినబడగానే బీడీ తాగేవాడు బీడీ దించేవాడు, మూటల మీద కునుకు తీసేవాళ్ళు మూట ముడి మీద చెయ్యి వేసుకుని లేచి కూర్చునేవాళ్ళు. ఆ తర్వాతే "డోన్ పోవు బస్సు రెండవ ప్లాట్‌ఫారం మీదికి వచ్చుచున్నది" అనే మాట. తట్టమని ఆమెకెవరూ చెప్పలేదు. చేరిన కొత్తలో మైకు పనిచేస్తోందో లేదోనని తట్టి చూసుకునేది. పదకొండేళ్ళలో అదే అలవాటైపోయింది.

ఆ గురువారం కాంట్రాక్టరు ధనుంజయ మైకు గదిలోకి టేపు పట్టుకుని వచ్చాడు. బస్టాండులో ప్రకటనలు చెప్పించే కాంట్రాక్టు ఆయనది. బస్సుల పేర్ల మధ్య బట్టలషాపు పేరు, పళ్ళడాక్టరు పేరు చదివిస్తాడు. మామూలుగా నెలకొకసారి వచ్చి, గుమ్మం దగ్గరే నిలబడి పోయే మనిషి. ఈసారి లోపలికొచ్చి బల్ల పొడవు, వెడల్పు కొలిచాడు. కృపమణి కుర్చీ జరుపుకుని గోడకు ఒదిగి నిలబడింది.

"కొలతలెందుకు సార్?"

"కంప్యూటర్ పెడ్తాండాం కృపమ్మా. సోమవారం దించుతారు." ఆయన టేపు చుట్టాడు. "ఊర్ల పేర్లన్నీ, నంబర్లన్నీ రికార్డు చేసి సీడీలో ఇయ్యల్ల. మా చిన్నమ్మ కూతురు కర్నూల్లో టీచరు. ఆ పాప గూడా ఇస్తానంది. ఇద్దరివీ వింటా. ఎవరి గొంతు బాగుంటే కుర్చీ వాళ్ళకు."

"నా గొంతు దినామూ వింటానే ఉండారు గదా సార్."

"ఇది వేరే. కంప్యూటర్లో వేరేగా వస్తాది. మంచి మైకు చూసి కొనుక్కో. మీ ఇంట్లో కంప్యూటర్ ఉండాది గదా, పాప చదువుకని తెచ్చినామంటివి?"

పదకొండేళ్ళలో ధనుంజయ ఆమె ఇంటి సంగతి గుర్తుపెట్టుకుని మాట్లాడటం అదే మొదలు. సంతోషించాలో భయపడాలో కృపమణికి తెలియలేదు. అప్పుడే గిద్దలూరు బస్సు మలుపు తిరిగింది. ఆమె వంగి మైకును రెండుసార్లు తట్టింది.

*

కృపమణి ఇల్లు చూడటానికి వీధిలో కొత్తగా వచ్చినవాళ్ళు ఒకసారి లోపలికి తొంగిచూసి పోతారు. రెండు గదుల ఇల్లే గానీ, కింద బండ, గోడలకు బండ, పైకప్పుకూ బండే. ఆమె మొగుడు జోజప్ప బండల పాలిష్ ఫ్యాక్టరీలో పనిచేస్తాడు. మూల విరిగినవీ రంగు కలవనివీ ఫ్యాక్టరీవాళ్ళు పక్కన పడేస్తే, అడిగి తెచ్చుకుని, ఎనిమిదేళ్ళపాటు ఒక్కొక్కటే తాపడం చేశాడు. నలుపు పక్కన తెలుపు, తెలుపు పక్కన పచ్చ. అద్దంలో చూసినట్టు ముఖం కనబడుతుంది. ఊళ్ళో షావుకార్ల ఇళ్ళకు కూడా అంత నునుపు లేదని జోజప్పకు లోలోపల గర్వం.

ముందు గదిలో ఆ గోడ పక్కనే కంప్యూటర్. ఆ సాయంత్రం నంద్యాల కాలేజీ నుంచి రాగానే కూతురు పవిత్ర దాన్ని ఆన్ చేసి, గులాబీ రంగు చిల్లులో హెడ్‌ఫోన్ పిన్ను గుచ్చింది. కంప్యూటర్‌తో పాటు ఊరికే ఇచ్చిన హెడ్‌ఫోన్ అది. చెంప పక్కనుంచి సన్నటి కాడ, కాడ చివర శనగగింజంత మైకు.

"చెప్పు మా. రికార్డింగు నిమిషానికి ఆగిపోతాది, అంతలోపల చెప్పల్ల."

"బనగానపల్లె పోవు బస్సు మూడవ ప్లాట్‌ఫారం మీదికి వచ్చుచున్నది," అంది కృపమణి, బస్టాండులో చెప్పినట్టే నిలబడి, గొంతెత్తి.

పవిత్ర మళ్ళీ వినిపించింది. ఎవరో బావిలోకి తల వంచి మాట్లాడినట్టుంది. ఒక్కొక్క మాట వెనుక ఇంకో మాట ఈడ్చుకుంటూ వస్తోంది. మీదికి, ఇకి, ఇకి.

"ఎవరే అది?"

"నువ్వే మా."

కృపమణి మంచం అంచున కూర్చుంది. మళ్ళీ చెప్పింది, మెల్లగా చెప్పింది, కూర్చుని చెప్పింది. ఎట్లా చెప్పినా అదే బావి. ఆ రాత్రి మిరియాల కషాయం కాచుకుని తాగింది. పదకొండేళ్ళు అరిచిన గొంతు, బస్టాండు ముందు పోయే బండల లారీల దుమ్మంతా మింగిన గొంతు, పగిలిపోయిందేమోనన్న అనుమానం మనసులో పడింది. మరునాడు బస్టాండులో చెప్పే ప్రతి మాటనూ ఎవరిదో విన్నట్టు విన్నది. మధ్యాహ్నానికి నిజంగానే గొంతు జీరబోయింది.

"గొంతు కాదు మా, మైకు," అంది పవిత్ర. "ఊరికే వచ్చింది ఇంకెట్లుంటాది? రేపు కర్నూలుకు పోదాం."

*

కర్నూల్లో కొండారెడ్డి బురుజు వెనుక సందులో బాలసుబ్రహ్మణ్యం శెట్టి దుకాణం. సామాను పెట్టుకోవడానికి చోటు చాలక అట్టపెట్టెలు కప్పుదాకా పేర్చి ఉన్నాయి. మధ్యలో మనిషి పట్టే దారి. చివర గల్లాపెట్టె దగ్గర శెట్టి, ఆయన పక్కన కంప్యూటర్.

"ఏం రికార్డు చేస్తారమ్మా? పాటలా, ప్రార్థనా?"

"బస్సుల పేర్లు," అంది కృపమణి.

శెట్టి నవ్వలేదు. అందుకు కృపమణికి ఆయన మీద గౌరవం కలిగింది. ఆయన మూడు మైకులు తీసి గుడ్డ మీద పెట్టాడు. ఒకటి బల్ల మీద నిలబెట్టుకునేది, కొంగమెడలాగా వంగుతుంది. ఒకటి చొక్కాకు తగిలించుకునే కాలర్ మైకు. మూడోది చేతికి బరువుగా ఉన్న ఇనప మైకు, కడుపులో బ్యాటరీ వేసుకునేది.

ఒక్కొక్కటే గుచ్చి చెప్పించాడు. మూడింటిలోనూ కృపమణి గొంతు కృపమణి గొంతులాగే వచ్చింది. బావి లేదు, ఈడ్పు లేదు.

"అన్నీ బాగుండాయి గదప్పా, ఏది తీసుకోవల్ల?"

"బ్యాటరీది తీసుకోమ్మా. చీమ నడిస్తే గూడా పట్టుకుంటాది. వాడినాక నచ్చకపోతే, అట్టపెట్టె చించకుండా తెస్తే వెనక్కి తీసుకుంటా."

జోజప్ప ఆ వారం తెచ్చిన కూలిలో సగానికి పైగా ఆ ఇనప ముక్కకే పోయింది. బస్సులో పవిత్ర దాన్ని ఒడిలో పెట్టుకుని కూర్చుంది. కృపమణి దారి పొడుగునా ఊర్ల పేర్లు పెదాలతో చెప్పుకుంటూ వచ్చింది. పక్కన కూర్చున్నామె జపమనుకుని సర్దుకుంది.

ఇంటికి రాగానే చెప్పులు కూడా విప్పకుండా గుచ్చి చూశారు.

బావి ఇంకా లోతయింది. దాని వెనుక వీధి చివరి పాలిష్ మిషన్ల హోరు, పక్కింటి కుక్కర్ కూత, గోడ మీది బల్లి, అన్నీ వరుసగా వచ్చాయి. శెట్టి అబద్ధం చెప్పలేదు. చీమ నడకను కూడా పట్టుకునేదే అది.

"దుకాణంలో బాగా వచ్చింది గదే."

పవిత్ర పిన్ను తీసి మళ్ళీ గుచ్చింది, అదే బావి. కృపమణికి భయమేసింది. ఎల్లుండి పొద్దున సీడీ ఇవ్వాలి. టీచరమ్మ గొంతు ఎట్లా ఉంటుందో ఆమె ఊహించుకుంది. చిన్న వయసు, దుమ్ము తగలని గొంతు, తరగతి గదిలో పద్యాలు చెప్పే గొంతు. ఆ కుర్చీ తప్ప ఇంకో పని తనకు చేతకాదని, ముప్ఫై తొమ్మిదేళ్ళ వయసులో ఫ్యాక్టరీలో బండలు మోయలేనని, ఆమెకు తెలుసు. ఏడుపొచ్చింది. కూతురి ముందు ఏడవడం ఇష్టం లేక పొయ్యి దగ్గరికి పోయింది.

*

ఆదివారం ఫ్యాక్టరీలకు సెలవు. వీధి మూగపోయినట్టుంది. చర్చి నుంచి వచ్చాక జోజప్ప లుంగీ కట్టుకుని, తల్లీకూతుళ్ళ తంటాలు చాలాసేపు గుమ్మంలో కూర్చుని చూశాడు. మిషన్ల దగ్గర చేసి చేసి అతనికి మనుషుల మాటలు కొంచెం గట్టిగా చెబితే గానీ వినపడవు. కానీ బండను మిషను ఎక్కించే ముందు వేలి కణుపుతో తట్టి, లోపల బీట ఉందో లేదో చెప్పడానికి ఫ్యాక్టరీలో అతన్నే పిలుస్తారు.

అతను లేచి వచ్చి గది నడుమ నిలబడి చప్పట్లు కొట్టాడు. ఒక్కసారే. తల పక్కకు వంచి నిలబడ్డాడు. గోడ దగ్గరికి పోయి బండను తట్టాడు. ఇంకో గోడను తట్టాడు. తర్వాత మంచం మీది బొంతను తీసి, నెత్తిమీద కప్పుకుని, లోపల మళ్ళీ చప్పట్లు కొట్టాడు. పవిత్ర నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

జోజప్ప బొంతలోంచి బయటికి వచ్చాడు. ముఖంలో నవ్వు లేదు.

"మైకుది కాదు తప్పు. నీ గొంతుదీ కాదు. నేనే చేసినా."

"ఏం చేస్తివి?"

"నున్నటి బండ ఏదీ మింగదు గదా. నువ్వు చెప్పిన మాట ఆ గోడకు తగిలి, ఈ గోడకు తగిలి, మళ్ళీ వచ్చి మైకులో పడ్తాంది. శెట్టి కొట్లో అట్టపెట్టెలుండాయంటివే, అవి మింగినాయి." ఎనిమిదేళ్ళు తాపడం చేసిన గోడను అతను అరచేత్తో రాశాడు. "మేకులు దిగవు దీనికి. తాడు తీసుకురా పాపా."

కిటికీ చువ్వ నుంచి తలుపు గడియకు తాడు లాగారు. దాని మీద బొంతలు, దుప్పట్లు, గోనెసంచులు, కృపమణి పెళ్ళి పట్టుచీర దాకా వేలాడదీశారు. కంప్యూటర్ బల్ల ఆ గుడారం లోపల పడింది. జోజప్ప బండల మీద పరుపు పరిచాడు. కృపమణి లోపల దూరి కూర్చుంది. ఊపిరాడనంత ఉక్క, బొంతల్లో నాఫ్తలిన్ ఉండల వాసన.

"బనగానపల్లె."

వచ్చింది. బావి పోయింది. ఆమె గొంతు ఆమెకు ముఖాముఖి వచ్చి నిలబడింది. పగులు లేదు, జీర లేదు. కొంచెం వయసు తెలుస్తుంది, అంతే.

అయితే ఇనప మైకు ఇప్పుడూ ఊరుకోలేదు. గుమ్మంలో జోజప్ప దగ్గినా, దూరంగా రైలు పోయినా పట్టుకుంటోంది. పవిత్ర ఆలోచించి దాన్ని తీసి, ఊరికే వచ్చిన హెడ్‌ఫోన్‌ను మళ్ళీ గుచ్చింది. కాడను తల్లి పెదవి మూలకు వంచి, ఊపిరి తగలకుండా కొంచెం పక్కకు తిప్పింది. శనగగింజ మైకుకు దూరం వినపడదు. దగ్గరున్న మనిషి తప్ప ఇంకేదీ దానికి పట్టదు. వాళ్ళకు కావలసింది అదే. పవిత్ర ఇనప మైకును తుడిచి, చించని అట్టపెట్టెలో పెట్టేసింది.

"తట్టద్దు మా," అంది కాసేపటికి. "కాడ మీద తడ్తాండావు, దబదబమని పడ్తాంది."

"తట్టకపోతే నాకు మాట రాదే."

"ఎట్లన్నా కానీ. అది వద్దు."

కృపమణి మోకాలి మీద తట్టుకోవడం మొదలుపెట్టింది. చీర మీద తడితే చప్పుడు లేదు. టక్ టక్ లేకుండానే నలభై రెండు ఊర్లు, ఒకటి నుంచి అరవై దాకా అంకెలు, మొదటి నుంచి పదవ దాకా వరుస సంఖ్యలు, "పోవు బస్సు", "ప్లాట్‌ఫారం మీదికి", "వచ్చుచున్నది", అన్నీ ముక్కలు ముక్కలుగా చెప్పింది. ధనుంజయ రాసిచ్చిన కాగితంలో ఉన్నవన్నీ, ఒక్కటీ వదలకుండా. బయటికి వచ్చేసరికి జాకెట్టు తడిసి ఒంటికి అంటుకుంది.

పవిత్ర ఆ ముక్కలు సరిగ్గా ఉన్నాయో లేదో చూడటానికి నాలుగు కలిపి వినిపించింది.

"అవుకు పోవు బస్సు ఐదవ ప్లాట్‌ఫారం మీదికి వచ్చుచున్నది."

కృపమణి చేతిలోని చెంబు చేతిలోనే ఉండిపోయింది. అవుకు బస్సు ఎప్పుడూ ఒకటో ప్లాట్‌ఫారం మీదికే వస్తుంది. ఆ బస్టాండులో ఐదో ప్లాట్‌ఫారమే లేదు.

"నేను అనలేదు ఆ మాట."

"అనల్యా మా. నేను కలిపినా." పవిత్ర తెర వంకే చూస్తూ మెల్లగా అంది. "దీంట్లో టైము పెడితే దానంతట అదే చెప్తాది మా. ఇది ఇచ్చినాక వాళ్ళకు నువ్వెందుకు?"

జోజప్పకు వినపడిందో లేదో గానీ, అతను తాడు విప్పబోయినవాడు ఆగాడు.

"కుర్చీ నాకేనన్యాడు గదా," అంది కృపమణి.

"అన్యాడు."

"నేను ఇయ్యకపోతే ఆ టీచరమ్మ ఇస్తాది."

"ఇస్తాది."

"అట్లయితే సీడీ ఎక్కించు," అని, చెంబులోని నీళ్ళు గటగటా తాగేసింది.

*

సోమవారం ధనుంజయ రెండు సీడీలూ మైకు గదిలోనే విన్నాడు. టీచరమ్మ గొంతు కొత్త పాలిష్ ఇంట్లో చెప్పినట్టుంది, బావిలోంచి వస్తోంది. ఆయన ముఖం చిట్లించి తీసేశాడు. కృపమణిది పెట్టాక కంప్యూటర్ దించడానికి వచ్చినవాడు కూడా చెయ్యి ఆపి విన్నాడు.

"ఏ స్టూడియోలో చేయిస్తివి?"

"ఇంట్లోనే సార్."

"ఏం మైకు?"

"కంప్యూటర్‌తో వచ్చిందే."

"భలే ఉండాది కృపమ్మా. నీదే ఖాయం."

ఆ మాటతో నాలుగు రోజుల బరువు దిగిపోయింది. దారిలో కోడి కొనుక్కుని ఇంటికి పోయింది. కూతురి అనుమానాన్ని తల్చుకుని, ఈ కాలం పిల్లలు ఎవరినీ నమ్మరని నవ్వుకుంది. జోజప్ప రెండుసార్లు వడ్డించుకున్నాడు. పవిత్ర కూడా నవ్వింది గానీ, తలెత్తకుండా తిన్నది.

మంగళవారం పొద్దున కృపమణి టిఫిన్ డబ్బా పట్టుకుని పోయేసరికి ధనుంజయ గదికి తాళం వేస్తున్నాడు. తాళం కొత్తది. లోపల కంప్యూటర్ ఒక్కటే పనిచేస్తోంది. కుర్చీ బయట గోడవారన పెట్టి ఉంది.

"తాళమేస్తాండారేం సార్?"

"ఇంక ఎవరూ కూచోబన్లేదమ్మా. టైములన్నీ పెట్టేసినాం, అదే చెప్తాది." ఆయన తాళంచెవి జేబులో వేసుకున్నాడు. "నీ గొంతుండాది గదా లోపల. నువ్వొచ్చి మళ్ళీ అదే చెప్పడమెందుకు, శ్రమ?"

"కుర్చీ నాదంటిరి."

"అంటి. కంప్యూటరోళ్ళు ఇట్లుంటాదని తర్వాత చెప్పినారు. నేనేం చేసేది?" ఆయన కుర్చీ వైపు చూపించాడు. "కావాలంటే ఆ కుర్చీ ఇంటికి తీస్కపో."

ధనుంజయ స్కూటర్ ఎక్కి పోయాడు. కోపం రావలసిన చోట కృపమణికి సిగ్గు వచ్చింది. నాలుగు రోజులు ఒళ్ళు దాచుకోకుండా, ఇంటిల్లిపాదీ చేరి, మంచి మైకు వెతికి మరీ తన పని తానే తీసి వాడి చేతిలో పెట్టింది. ఇంటికి పోయి ఈ మాట చెప్పడానికి కాళ్ళు రాలేదు. మూడో ప్లాట్‌ఫారం ముందు ప్రయాణికులు కూర్చునే బండ మీద కూలబడింది.

పైన హారన్‌లోంచి ఆమె మాట్లాడుతోంది. డోన్ పోవు బస్సు. కర్నూలు పోవు బస్సు. గొంతు స్పష్టంగా ఉంది. ఒక్క తల కూడా తిరగలేదు. డోన్ బస్సు కదిలిపోయాక ఇద్దరు సంచులు పట్టుకుని దాని వెంట పరుగెత్తారు. కృపమణి వేళ్ళు ఒడిలో కదిలాయి.

పదకొండు కావస్తుండగా కంట్రోలర్ శివన్న చీటీ పట్టుకుని మైకు గది దగ్గరికి వచ్చాడు. ఏ బస్సు ఎప్పుడొస్తుందో చీటీ రాసి కిటికీలోంచి ఆమెకు అందించే మనిషి. కిటికీ మూసి ఉంది. తాళం లాగి చూశాడు. అటూ ఇటూ చూసి, బండ మీద కూర్చున్న కృపమణిని చూసి వచ్చాడు.

"ఏం కృపమ్మా, ఈడ కూచుండావు? బనగానపల్లెది యాక్సిల్ ఇరిగి దావలో నిల్చిపోయిందంట. సాయంత్రం దాకా ఇంకోటి లేదు. నంద్యాల బస్సు పోతాది ఇప్పుడు, అదెక్కి పాణ్యంలో దిగి మారల్ల. ఇదెవరికి చెప్పేది నేను?"

పైన ఆమె గొంతు అప్పుడే అందుకుంది. "బనగానపల్లె పోవు బస్సు మూడవ ప్లాట్‌ఫారం మీదికి వచ్చుచున్నది."

మూడో ప్లాట్‌ఫారం ముందు ముప్ఫై మంది దాకా ఉన్నారు. శివన్న వాళ్ళ వైపు తిరిగి, "రాదప్పా, ఆ బస్సు రాదు," అన్నాడు. ఆయన గొంతు పక్కనున్న ఇద్దరికి వినబడింది. వాళ్ళు హారన్ వైపు చూసి, మళ్ళీ రోడ్డు వైపు చూశారు. రెండో ప్లాట్‌ఫారం మీద నంద్యాల డ్రైవరు ఎక్కి కూర్చుని ఇంజను వేశాడు. హారన్ మళ్ళీ అదే చెప్పింది. నిమిషానికొకసారి చెప్పమని పెట్టినట్టున్నారు.

నాకెందుకని కృపమణి ఒక క్షణం అనుకుంది. నిజంగానే అనుకుంది. కానీ ఆ అబద్ధం తన నోటితో పలుకుతోంది.

ఆమె టిఫిన్ డబ్బా మూత తీసింది. దాని అంచుతో కూర్చున్న బండను తట్టింది.

టక్, టక్.

తలలు తిరిగాయి. అలవాటుకొద్దీ ముందు హారన్ల వైపు తిరిగి, ఆ తర్వాత చప్పుడు వచ్చిన వైపు తిరిగాయి.

"బనగానపల్లె బస్సు రాదు," అంది కృపమణి లేచి నిలబడి. మైకు లేదు. పదకొండేళ్ళు మోసిన గొంతు మాత్రం ఉంది. "దావలో నిల్చిపోయింది. పోవల్సినోళ్ళు నంద్యాల బస్సెక్కి పాణ్యంలో దిగండి. రెండవ ప్లాట్‌ఫారం. ఇప్పుడే పోతాది."

ఆమె మాట పూర్తికాక ముందే పైనుంచి ఆమే అంది. "బనగానపల్లె పోవు బస్సు మూడవ ప్లాట్‌ఫారం మీదికి వచ్చుచున్నది."

జనం నిలబడిపోయారు. మూట సగం ఎత్తిన ఒక ముసలామె, మద్దమ్మ, హారన్ వైపు చూసింది, కృపమణి నోటి వైపు చూసింది. వారానికొకసారి కంటి మందుకు బనగానపల్లె పోయే మనిషి. చూపు సరిగ్గా ఆనక, పదకొండేళ్ళుగా ఈ గొంతు పట్టుకునే బస్సు ఎక్కుతోంది.

"ఏమ్మా, వస్తాదనేదీ నువ్వే, రాదనేదీ నువ్వేనా? ఏది నమ్మల్ల నేను?"

కృపమణి దగ్గరికి పోయి ఆమె మూటను రెండో వైపు పట్టుకుంది.

"అది ఆదివారం చెప్పిన మాటవ్వా. ఈపొద్దు చెప్తాండేది నేను."

మద్దమ్మ కాసేపు పక్కనున్న గొంతు వైపే ముఖం పెట్టి నిలబడింది. తర్వాత మూట వదలకుండానే రెండో ప్లాట్‌ఫారం వైపు నడిచింది. ఆమె వెనుక మిగతావాళ్ళు కదిలారు. నంద్యాల బస్సు నిండి, కిందికి కుంగి, మలుపు తిరిగి పోయింది.

మూడో ప్లాట్‌ఫారం ముందు ఎవరూ మిగల్లేదు. పైన హారన్‌లో ఆమె గొంతు, బావి లేకుండా, జీర లేకుండా, బనగానపల్లె బస్సు వచ్చుచున్నదని మళ్ళీ చెప్పింది. కృపమణి తలెత్తి చివరిదాకా విన్నది. రికార్డింగులో ఎక్కడా తప్పు లేదు.

శివన్న ఇంకో చీటీ రాసుకుని వచ్చాడు. తాళం వేసిన గది వైపు పోలేదు. గోడవారనున్న కుర్చీ తెచ్చి బండ పక్కన వేసి, చీటీ ఆమె చేతికి అందించాడు.

"గిద్దలూరుది అర్ధగంట లేటు," అన్నాడు.

కృపమణి చీటీ చదువుకుంది. డబ్బా మూత చేతిలోకి తీసుకుంది.